వంకర తోకల లెక్క

"తోకలన్నీ వంకరే! వచ్చి చూడండి బావగారూ, వీటికంటే కుక్క తోకే నయం!"

నల్ల ఆబోతు ఆసామి మైక్రోస్కోపు మీంచి తల ఎత్తి పకపకా నవ్వాడు. ఎర్ర ఆబోతు ఆసామి కుర్చీలోంచి కదల్లేదు. ఇద్దరూ వియ్యంకులు. వియ్యానికీ కయ్యానికీ సరిజోడు.

పశుసంతతి కేంద్రానికి కావలసింది ఒక్క ఆబోతే. గెలిచినదాని దూడలు చుట్టుపక్కల ప్రతి కొట్టంలోనూ పుడతాయి. ఓడినదానికి విత్తులు కొట్టించి బండికి కట్టుకోవడమే. పొద్దున రెండింటి వీర్యమూ తీసి రెండు సీసాల్లో ఉంచారు. ఇప్పుడు తీర్పు.

"మాదాని కణాలు చూడండి, ఒక్కొక్కటీ సూదిలా నిటారుగా ఉంది! మీ ఎర్రదానికి కాడి నేనే కొనిపెడతా లెండి. వియ్యంకుడికి ఆ మాత్రం చెయ్యనా?"

ఎర్ర ఆబోతు ఆసామి మీసం సవరించుకున్నాడు. పోతపాలు పట్టి పెంచిన ఆబోతు అది.

ల్యాబ్ డాక్టరమ్మ రెండు స్లైడులూ మార్చి మార్చి చూసింది. తర్వాత బల్లమీది మంచినీళ్ల గ్లాసు వైపు చూసింది. ఖాళీ.

"నేను చేతులు కడుక్కొచ్చేలోగా ఎర్రదాని సీసాలో నీళ్లెవరు పోశారు?"

నవ్వు టక్కున ఆగింది. "నీళ్లా? ఏం, నీళ్లు పడితే ఏమవుతుంది?"

"తోకలు ఇలా చుట్టుకుంటాయి. ప్రాణమున్న కణానికి పైపొర గట్టిగా ఉంటుంది. లోపలికి వచ్చిన నీటిని పట్టి ఉంచి ఉబ్బుతుంది, తోక ముడుచుకుంటుంది. పొర పాడైతే నీళ్లు పోసినా ఉబ్బదు, తోక కర్రలా ఉండిపోతుంది. భోజనం చేసొచ్చి నేను చెయ్యబోయే పరీక్ష ఇదే. ఎవరో పుణ్యాత్ములు నా పని తగ్గించారు. రికార్డు కోసం రేపు మళ్లీ చూస్తాను గానీ, ఎర్రది నిక్షేపంలా ఉంది!"

నల్ల ఆబోతు ఆసామి మొహం మాడిపోయింది. అయినా బేరగాడు బేరగాడే, వెంటనే తేరుకున్నాడు.

"సరే, చెంచాడు నీళ్లు పోశాను, ఒప్పుకుంటా! అయితే మాదాంట్లోనూ పొయ్యండి డాక్టరమ్మా. దాని తోకలూ చుట్టుకుంటాయి. అప్పుడు లెక్కకు లెక్క సరి!"

ఎర్ర ఆబోతు ఆసామి అప్పుడు నోరు విప్పాడు.

"ఆ శ్రమ డాక్టరమ్మకి ఎందుకు బావగారూ? వియ్యంకుల మధ్య బాకీ ఉండకూడదని, గ్లాసులో మీరు మిగిల్చిన చెంచాడూ ఇందాకే, స్లైడులు పెట్టకముందే మీ సీసాలో పోసేశాను."