పత్యం విడిచిన పూట

"గింత పల్లీపొడి పడితే సచ్చిపోతవా? అన్నీ నకరాలు!" అంటూ మల్లవ్వ తన సాబుదాన ఖిచిడీ మీద ఇంకో గుప్పెడు చల్లుకుంది. ఆపరేషన్ అయ్యాక ఆమె పత్యం విడిచిన మొదటి పూట అది.

కోడలు ప్రణాలి తన గిన్నె దూరం జరుపుకుంది. "మీరు తినుండ్రి అత్తమ్మా. నాకే పడది."

"పుట్టినకాడి నుంచి తింటున్న. నాకేమైంది?"

చంద్రపూర్ దగ్గరి బొగ్గుగనుల ఊరు ఘుగ్గుస్‌లో పల్లీపొడి పడని కూర అరుదు. పెళ్లయిన నాటి నుంచి అత్తాకోడళ్లకు ఇదే పంచాయితీ.

రెండు ముద్దలు దిగాయో లేదో మల్లవ్వ పెదవులు దురద పెట్టాయి. చూస్తుండగానే ముఖం ఉబ్బింది, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. గొంతు బిగుసుకుపోయి ఊపిరి కోసం కొట్టుకుంది.

"ఏం... కలిపినవే... ఇండ్ల?"

ప్రణాలి లోపలికి ఉరికింది. పల్లీ తగిలితే వాడమని డాక్టర్లు తనకిచ్చిన సూదిమందు తెచ్చి, చీర మీదనుంచే అత్త తొడలో గుచ్చింది. "బండి తియ్యి, జల్ది!" అని భర్త ప్రశాంత్‌ను కేకేసింది.

బండి ఊరు దాటకముందే మల్లవ్వకు గాలి అందింది.

చంద్రపూర్ ఆస్పత్రిలో డాక్టర్ ప్రతిభ చెబుతుంటే మల్లవ్వ నోరెళ్లబెట్టి విన్నది. కడుపులో దిగిన పల్లీలోంచి కంటికానని పదార్థమేదో రక్తంలో కలిసిందట. లోపల కాపలా కాసే కణాలు దాన్ని శత్రువనుకుని, గనిలో మందు పేలినట్టు ఒక్కసారే పేలాయట. ఊపిరి ఆపింది పల్లీ కాదు, ఆ కాపలానే!

"అబ్బ! నా పెయ్యిల గింత లోకమున్నదా?" మల్లవ్వ తన ఒళ్లు తానే వింతగా చూసుకుంది. "గానీ, ఇన్నేండ్లు లేనిది ఇయ్యాల ఎట్లొచ్చె?"

డాక్టర్ మల్లవ్వ ఆపరేషన్ కుట్ల వైపు చూసింది. "ఆపరేషన్‌లో రక్తం ఎక్కించారా?"

"ఎక్కించిన్రు మేడం. మస్తు రక్తం పోయింది," అన్నాడు ప్రశాంత్.

"అరుదే కానీ, రక్తంతోపాటు ఇచ్చినవాళ్ల అలర్జీ కూడా వస్తుంది. కొన్నాళ్లకు పోతుంది, భయం లేదు. అలర్జీ ఉందా అని అడిగాకే తీసుకుంటారే! ఎవరిచ్చారు?"

ప్రశాంత్ నేల చూపులు చూశాడు. మల్లవ్వ కొడుకు వైపు, కోడలి వైపు మార్చి మార్చి చూసింది.

"నేనే మేడం," అంది ప్రణాలి మెల్లగా. "అడిగిన్రు. వేరే రక్తం దొరకలె. ఉన్నదంటే తీసుకోరు, అత్తమ్మ దక్కదు... అందుకే లేదని చెప్పిన."