తోలు లోపలి వైపు

“దొడ్లో ఉన్న ఎద్దు ఎవరిది?” గుర్రం దిగకుండానే అడిగాడు షెరీఫ్ అమాస్ టట్ల్.

“వాత కనపడుతోందిగా, మీరే చదువుకోండి,” అంది ఓర్ఫా. గుమ్మంలో నిలబడి చేతులకంటిన పిండి దులుపుకుంటోంది.

ఎద్దు తొడ మీద నిండు గుండ్రం. పశువుల కంపెనీ కాల్చి వేసిన వాత అది. పౌడర్ నదికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా గడ్డి ఉన్నంత మేరా ఆ గుండ్రానిదే రాజ్యం.

“దాచిపెట్టను కూడా లేదు చూడండి!” పక్క గుర్రం మీంచి నవ్వాడు కంపెనీ మందల పెత్తందారు రాయిస్. “మొగుడు జైల్లో, దొంగ సొత్తు దొడ్లో. శుక్రవారం రెండు తాళ్లు కావాలి షెరీఫ్ గారూ.”

షెరీఫ్ దిగి గుర్రాన్ని కంచెకి కట్టాడు. దాని తొడ మీద సగం చంద్రుడు. షెరీఫ్ సొంత వాత. రెండేళ్ల కిందట అదే వాత ఉన్న అతని పశువులు పదకొండింటిని దొంగల ముఠా తోలుకుపోయింది. పోతూ పోతూ కాపరిని కాల్చి చంపింది. ఆ ముఠాలో నెల్స్‌ని చూశానని రాయిస్ ప్రమాణం చేసి చెప్పాడు. ఆ ఒక్క మాట మీద ఓర్ఫా మొగుడు నెల్స్‌కి శుక్రవారం ఉరి. ఇవాళ బుధవారం.

“నువ్వే తోలుకొచ్చావా అమ్మా?”

“నేనే. పట్టపగలు, కంపెనీ వాళ్ల వంటబండి ముందు నుంచే తోలుకొచ్చా. కాఫీ తాగుతారా?”

“నీకు భయం లేదా?”

“భయపడి మీ ఆఫీసుకి నాలుగుసార్లొచ్చా. మూడుసార్లు లేరన్నారు. నాలుగోసారి, మీ బూట్లు బల్ల మీద కనపడుతున్నా లేరన్నారు. కంపెనీ ఎద్దు ఒక్కటి తప్పిపోతే మాత్రం కాఫీ మరిగేలోపు వచ్చేశారు.”

షెరీఫ్ మొహం ఎర్రబడింది. నిజమే కదా. కంపెనీ పిలుపు వినపడ్డంత బాగా ఆడమనిషి ఏడుపు వినపడే చెవి ఆ జిల్లాలో ఏ అధికారికీ లేదు.

బేడీలు తీశాడు. ఓర్ఫా చేతులు చాపింది.

“ముఠాలో మిగతావాళ్లెక్కడున్నారో చెబితే జడ్జితో నేను మాట్లాడతాను,” అన్నాడు బేడీలు వేస్తూ. “రెండేళ్లుగా కొండలన్నీ గాలిస్తున్నా. రెండు గుర్రాలు చచ్చాయి.”

“చెబుతా. ముందు ఆ ఎద్దుని కోయండి.”

“ఏంటీ?”

“కోసి, వాత ఉన్న చోట తోలు ఒలిచి, తిరగేసి చూడండి. లోపల కూడా నిండు గుండ్రమే ఉంటే నేను దొంగని, నా మొగుడు దొంగ. మమ్మల్ని ఒకే దూలానికి వేలాడదీయండి.”

రాయిస్ నవ్వు ఆగిపోయింది. “కంపెనీ సొత్తు అది! చంపాలంటే షయాన్‌లో మా పెద్దాఫీసు నుంచి కాగితం రావాలి. ఈవిడ పిచ్చి మాటలకి బంగారం లాంటి ఎద్దుని...”

“ఇంతసేపూ ఒక్క ఎద్దు కోసం మనిషిని ఉరి తీద్దామన్నావు,” అంది ఓర్ఫా. “ఇప్పుడా ఎద్దు మీద ఇంత జాలేంటయ్యా?”

షెరీఫ్ రాయిస్ వంక చూశాడు. వాడి నుదుటి మీద చెమట. గాలేమో చల్లగా వీస్తోంది.

షెరీఫ్ కాకముందు అమాస్ దున్నల తోళ్లు ఒలిచిన మనిషి. తోలు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పాత వాతకి ఎవడైనా కొత్త గీత కలిపి కాల్చాడనుకోండి, పైన వెంట్రుకల్లో రెండూ ఒక్కటిగానే కనపడతాయి. తోలు తిరగేస్తే పాత మచ్చ వేరు, కొత్త మచ్చ వేరు. అందుకే దొంగ పశువుని కోసినవాడు మాంసం కంటే ముందు తోలు మాయం చేస్తాడు.

“సాక్ష్యం కింద తీసుకుంటున్నా. నష్టమొస్తే కంపెనీని నా లెక్కలో వేసుకోమను,” అన్నాడు షెరీఫ్.

ఒక్కటే తూటా. ఎద్దు మోకాళ్ల మీద కూలబడింది.

షెరీఫ్ కత్తి తీసి తొడ మీద జానెడు మేర చుట్టూ గీశాడు. పిడికిలి లోపలికి పోనిచ్చి తోలుని మాంసం నుంచి వేరు చేశాడు. ఓర్ఫా బేడీల చేతులతోనే నీళ్ల ముంత అందించింది. నెత్తురు కడిగి, మోకాలి మీద పరిచి, ఎండ పడేలా తిప్పాడు.

చాలాసేపు చూశాడు. బొటనవేలితో తడిమాడు. మళ్లీ తడిమాడు.

తర్వాత తలెత్తకుండా తుపాకీ పైకెత్తాడు. ఓర్ఫా వైపు కాదు.

“రాయిస్, గుర్రం దిగు. నడుం పట్టీ తుపాకీతో సహా విప్పి కింద పడెయ్.”

“ఏంటి షెరీఫ్ గారూ, ఒక ఆడదాని మాట విని...”

“దిగమన్నా.”

రాయిస్ దిగాడు. తుపాకీ దుమ్ములో పడింది. షెరీఫ్ రెండో చేత్తో తాళంచెవి తీసి ఓర్ఫా ముందు పెట్టాడు. ఆవిడ బేడీలు తనే విప్పుకుని రాయిస్ కాళ్ల దగ్గరికి విసిరింది.

“ముఠా ఎక్కడుందని అడిగారుగా,” అంది.

షెరీఫ్ మోకాలి మీద తడి తోలు ఎండకి మెరుస్తోంది. గుండ్రంలో పై సగం కొత్తది, లేత ఎరుపు. కింది సగం పాతది, తెల్లగా, గట్టిపడి, అతను తన చేతులతోనే కాల్చి వేసిన సగం చంద్రుడు.