కియాంబావ్ గారి మాక్ డ్రిల్

ఇంజినీర్ కియాంబావ్ గుంట చుట్టూ మూడోసారి తిరిగి వచ్చి, "ఈ వైపు పలకలు పీకెయ్యండి" అన్నాడు.

మురుగు గొట్టాల కోసం తవ్విన కందకం అది. రెండు నిలువుల లోతు. మట్టి జారకుండా రెండు గోడలకూ పలకలు ఆనించి, మధ్యలో అడ్డకర్రలు బిగించి ఉన్నాయి.

మేస్త్రీ మాంగ్ తెరియో తల గోక్కున్నాడు. "ఇది అగ్నిపర్వతం బూడిద మట్టి సార్. దన్ను తీస్తే పంచదారలా జారిపోద్ది."

"నాకా చెబుతున్నావ్? ఆ రూలు రాసిందే నేను!"

అది నిజమే. పంపంగా శాఖ భద్రతాధికారిగా ఆయన రాసిన పుస్తకంలో పదకొండో పేజీ మొత్తం దాని గురించే. ఎర్ర అక్షరాల్లో ఉంటుంది.

"మనీలా నుంచి డైరెక్టర్ గారొస్తున్నారు. పలకలు అడ్డముంటే ఆయనకి లోపలేం కనిపిస్తుంది, మీ వీపులా? ఒక్క గంట తియ్యండి. గంటలో కొంపలేం మునగవు."

పలకలు తీశారు. గుంట బాగా కనిపించాలని షామియానా కూడా అంచుదాకా జరిపించాడు. అంచున బరువు పెట్టకూడదని పన్నెండో పేజీలో ఉంది. దాన్నీ ఆయనే రాశాడు. షామియానా వెనక పంది నిప్పులమీద ఎర్రగా కాలుతోంది.

కిందటేడు భద్రతా షీల్డు తార్లాక్ శాఖవాళ్లు ఎగరేసుకుపోయారు. ఆ మంట ఆయనకింకా చల్లారలేదు. అందుకే ఈ మాక్ డ్రిల్. పసుపు టోపీవాడు మట్టికింద చిక్కుకుంటాడు, మిగతావాళ్లు పద్ధతిగా బయటికి లాగుతారు, అంబులెన్స్ వస్తుంది. స్క్రిప్టు సొంతంగా రాసుకున్నాడు. కూలీల పేర్లు ఆయనకి తెలియవు. పసుపు టోపీ, ఎర్ర టోపీ, నీలం టోపీ, అంతే.

రిహార్సల్స్‌లో వాళ్లు ఆయన పరువు తీసేశారు. ఏడవమంటే ఇకిలించారు. "మనిషి చస్తుంటే నవ్వేవాణ్ణి ఎక్కడైనా చూశార్రా?" అని గొంతు పోయేలా అరిచాడు.

అతిథులు వచ్చి కూర్చున్నారు. కియాంబావ్ మైకు పుచ్చుకున్నాడు. గుంట అడుగున పసుపు టోపీ ఒకటి వంగి ఏదో సర్దుతోంది.

"మా దగ్గర ప్రమాదమన్నది రాదు" అన్నాడాయన. "ఒకవేళ వచ్చిందే అనుకోండి..."

గోడ కూలింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. మెత్తగా, బస్తా విప్పి బియ్యం పోసినట్టు జారింది. పసుపు టోపీ కనబడలేదు. ముందు వరుసలో ఆడవాళ్లు కెవ్వుమన్నారు. కియాంబావ్ వాచీ చూసుకున్నాడు. అయిదు నిమిషాలు ముందే! అయినా మాటకు సరిగ్గా అందుకున్నారు. దద్దమ్మలకి కూడా టైమింగ్ వచ్చేసింది.

"పైనున్నోళ్లని వెనక్కి తొయ్యండ్రా!" మాంగ్ తెరియో గొంతు చీరుకుపోయేలా అరిచాడు. "పలకలు! పలకలు వెయ్యండి ముందు!"

నలుగురు పలకలు దించి, వాటికి వీపులు ఆనించి నిలబడ్డారు. తెరియో లోపలికి దూకి రెండు చేతులతో తోడసాగాడు. ఎవరో పార అందించబోతే, "పారొద్దు! మొహానికి తగుల్తుంది! చేతుల్తోనే!" అని కసిరాడు.

"చూశారా, చేతులతో" అని కియాంబావ్ మైకులో వివరించాడు. "మా పుస్తకంలో ఇరవయ్యో పేజీ."

ఇంతలో ఫొటోగ్రాఫర్ కెమెరా మూత తీయలేదని గమనించి, కియాంబావ్ అంచుదాకా వచ్చి వంగాడు. "తెరియో, ఒక్క క్షణం ఆగు. కెమెరా రెడీ కావాలి."

"తప్పుకోరా దున్నపోతా!" కూలిన మట్టిగుట్ట మీంచి తెరియో బురద చెయ్యి పైకి లేచి ఆయన్ని తోసింది.

డైరెక్టర్ పడీపడీ నవ్వాడు. కియాంబావ్ కూడా నవ్వి, వీడికి రేపు మెమో ఇవ్వాలని మనసులో రాసుకున్నాడు.

ఏడో నిమిషంలో చెవి కనిపించింది. తర్వాత ముక్కు. తెరియో వాడి నోట్లో వేళ్లు పెట్టి మట్టి తీశాడు. దగ్గు వినిపించింది. పైన నిలబడ్డ కూలీలు ఒకళ్లనొకళ్లు పట్టుకుని భోరుమన్నారు.

"స్క్రిప్టులో ఏడుపు ఇంత లేదు" అని డైరెక్టర్ గారి చెవిలో చెప్పాడు కియాంబావ్. "ఉత్సాహం కొద్దీ కలిపేసుకున్నారు."

అంబులెన్స్ వచ్చింది. స్ట్రెచర్ మీదకి ఎక్కిస్తుంటే దగ్గరికెళ్లి, పసుపు టోపీవాడి భుజం తట్టాడు. "బాగానే చేశావోయ్. కాకపోతే పడేటప్పుడు ఒక కేక పెట్టాలి. మర్చిపోయావ్."

వాడు ఆయన బూట్లమీద బురద కక్కుకున్నాడు.

"ఎవరు వీడు?" అన్నాడు కియాంబావ్ కాలు విదిలించుకుంటూ.

"నా... నా అల్లుడు సార్." అన్నాడు తెరియో. గోళ్లనుంచి నెత్తురు కారుతోంది.

"ఓహో, అందుకా అంత సహజంగా వచ్చింది! సొంతమనుషుల్ని పెట్టుకోవడం మంచి ఐడియా."

తెరియో ఆయన్ని ఒకసారి చూశాడు. అంబులెన్స్ ఎక్కి తలుపు వేసేసుకున్నాడు. సైరన్ మోగిస్తూ బండి గేటు దాటింది. మలుపు దాటగానే ఆపమని స్క్రిప్టులో ఉంది. అది ఆగలేదు. సైరన్ వినిపిస్తూనే దూరమైంది. కూలీలు కూడా ఒక్కొక్కరే బండి వెనక పరుగెత్తారు.

"వీళ్లకి నటన ఎక్కడ ఆపాలో తెలీదు" అన్నాడు డైరెక్టర్ మురిసిపోతూ. "షీల్డు నీదేనయ్యా కియాంబావ్!"

అందరూ చప్పట్లు కొట్టారు. పందిమాంసం ప్లేటు కియాంబావ్ చేతికొచ్చింది. కరకరలాడే తోలుముక్క ఒకటి ఏరుకుని నోట్లో పెట్టుకోబోతుండగా, కొత్త పసుపు టోపీ చంకలో పెట్టుకుని ఒకడు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"సార్, తిట్టకండి, దారిలో ట్రైసికిల్ బండి ఇంజను చెడిపోయి ఇప్పుడే వచ్చా, మట్టికింద చిక్కుకోవాల్సింది నేనే, ఏ గుంటలోకి దిగమంటారు?"