ఊడని పగడాలు

పొద్దున అతికించిన పగడపు ముక్క మళ్లీ ఊడి ఇసుకలో పడింది.

అది నాలుగోసారి. మోచేతుల పైదాకా తడిసిన ఆఫీసరమ్మ దానివైపు గుర్రుగా చూసింది.

అది సముద్రపు చేపల ప్రదర్శనశాల. హాలు మధ్యలో నడుము ఎత్తున, పైన మూత లేని పెద్ద ఉప్పునీటి తొట్టె. కిందటి నెల తుఫానుకు ఊరి ముందున్న పగడపు దిబ్బ విరిగిపోతే, దొరికినంతవరకు బతికున్న ముక్కలను ఏరి ఇక్కడికి తెచ్చారు. తొట్టెలోని రాళ్లకు అతికిస్తే అవి రాయిని కరుచుకుని పెరుగుతాయి. పెరిగాక రాయితో సహా తిరిగి సముద్రంలో దింపాలి. ఇసుకలో దొర్లుతూ ఉంటే మాత్రం వారం తిరక్కుండా తెల్లబడి చచ్చిపోతాయి.

"ఆ బొడిపె మీద నిలవదమ్మా. పక్కన గుంట ఉంది చూడండి."

తొట్టె చుట్టూ కట్టిన తాడుకు అవతల, సందర్శకుల వైపు నిలబడిన ముసలాయన. నిన్నా వచ్చాడు. మొన్నా వచ్చాడు.

"జిగురు పట్టడం లేదు, అంతే," అంది ఆమె ముక్తసరిగా. "మీరు తాడు దాటకండి."

"దాటనమ్మా."

దాటలేదు. అలాగని వెళ్లనూ లేదు.

మధ్యాహ్నానికి ఇంకో రెండు ఊడాయి. ఊడినప్పుడల్లా, సొంత మనవడు జారిపడ్డట్టు, ఆయన "అయ్యో" అనుకున్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది. "అంత తెలిస్తే మీరే పెట్టండి."

ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. సబ్బు ఇవ్వబోతే వద్దన్నాడు.

"సబ్బు తగిలితే ఇవి ముడుచుకుపోతాయమ్మా."

మంచినీళ్లతోనే మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కున్నాడు.

ముక్కను చెవి దగ్గర పెట్టుకుని గోటితో తట్టాడు. అడుగున చచ్చిన భాగాన్ని కట్టరుతో పుటుక్కున తుంచాడు. రాతి మీది పాచిని టూత్‌బ్రష్‌తో గీకాడు. జిగురు జోలికి పోకుండా ముందు ముక్కను గుంటలో అటూ ఇటూ తిప్పి, అది తనంతట తాను కూర్చునే వాటం చూసుకున్నాడు. అప్పుడు ఓ చుక్క జిగురు, మెత్తగా పిసికిన పుట్టీ ముద్ద, దాని మీద ఇంకో చుక్క. నొక్కి, ఒకింత మెలితిప్పాడు.

"కాస్త సర్దుకో తల్లీ," అన్నాడు ముక్కతో.

ఇరవై లెక్కపెట్టి చెయ్యి తీశాడు.

ఆమె వేలితో నెట్టి చూసింది. కదల్లేదు.

"జిగురు ఊరికే ఆసరాకేనమ్మా. కూర్చోవాల్సింది అదే."

మర్నాటి నుంచి ఆయనకు తాడు అడ్డు కాలేదు. తలుపులు తెరిచే వేళకు వచ్చి, మూసే వేళకు వెళ్లేవాడు. కుర్చీ వేసినా కూర్చునేవాడు కాదు.

"వీళ్లిద్దరికీ పడదమ్మా, జానెడు ఎడం ఉంచండి. కుట్టుకుంటాయి."

"నీటి ఉరవడి మొహాన కొట్టకూడదు. చెంపకు తగిలేట్టు తిప్పండి."

టెక్నీషియన్ నవ్వేవాడు. "మేం పెడితే అలిగి లేచిపోతాయి. పెద్దాయన పెడితే కొత్తల్లుడిలా తిష్ట వేస్తాయి."

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగింది ఆమె ఒకరోజు.

"చేతుల అలవాటమ్మా."

"ఇదివరకు ఏం పని చేసేవారు?"

"కూలి పని," అని ఆయన ఇంకో ముక్క అందుకున్నాడు.

హాల్లో బోర్డు మీద ఆయన పేరు రాయిస్తానంది. ఆయన గాభరాగా తల అడ్డంగా ఊపాడు.

"నా పేరు అక్కడ ఉండకూడదమ్మా."

మొహమాటం అనుకుంది.

రెండు నెలల్లో రెండు వందల పై చిలుకు ముక్కలు రాళ్లెక్కాయి. చూడటానికి ఎక్కడెక్కడి నుంచో నిపుణులు వచ్చారు.

"ఈ ఒక్కరోజూ తాడుకు అవతల ఉంటారా? బయటివాళ్లు లోపల ఉంటే బాగుండదు," అంది ఆమె.

"అలాగేనమ్మా."

నిపుణుల్లో పెద్దావిడ వంగి వంగి చూసింది. "ఒక్కటీ ఊడలేదే. ఎవరి పనితనం?"

"మా సిబ్బందిదేనండి," అనేసింది ఆఫీసరమ్మ.

అని, చప్పున తాడు వైపు చూసింది. ముసలాయన విన్నాడు. మెల్లగా నవ్వాడు.

ఆ మర్నాడు ఆయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

నొచ్చుకున్నాడని ఆమెకు తెలుసు. రేపు వెళ్లి క్షమించమని అడగాలనుకుంది. ఆ రేపు నెలలు సాగింది. ఈలోగా ముక్కలు కొమ్మలు వేశాయి. పుట్టీ ముద్దలు కనిపించకుండా రాళ్లంతా అల్లుకున్నాయి.

దిబ్బ మీదికి రాళ్లు దింపే రోజు ఖాయమైంది. పడవలో ముందు ఆయనే ఎక్కాలనుకుంది. గేటు దగ్గరి రిజిస్టరులో చిరునామా వెతుక్కుని వెళ్లింది.

ఆయన కూతురు తలుపు తీసింది. తానెవరో ఆఫీసరమ్మ చెప్పగానే లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

"నాన్న పోయి నాలుగు నెలలైందండీ. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయి. మీ దగ్గరికి వచ్చినన్నాళ్లూ ఎలా నిలబడ్డాడో మాకే తెలీదు."

"నా మీద కోపంతో మానేశారనుకున్నాను," అంది ఆఫీసరమ్మ.

"కోపమా? మంచం మీద కూడా మీ మాటేనండీ. పెద్దవాళ్లొచ్చి మెచ్చుకున్నారట, ఆ అమ్మాయికి చెయ్యి కుదిరింది, ఇక నేను లేకపోయినా పర్లేదు అనేవాడు."

ఆఫీసరమ్మ పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అంత విద్య ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. ఇప్పుడైనా దిబ్బ దగ్గర రాతిపలక మీద ఆయన పేరు చెక్కిస్తాను."

కూతురు తల అడ్డంగా ఊపింది.

"వద్దండీ," అంది. "ఆ దిబ్బని ముప్పై ఏళ్లు గునపంతో పగలగొట్టి, సున్నం బట్టీలకు మోసింది మా నాన్నే."