ఒక్క తెల్ల బంటు

ఓట్ల సంచి బోర్లించగానే బల్ల మీద పదకొండు చెస్ బంట్లు దొర్లాయి. పది నల్లవి. ఒకటే తెల్లది.

"హనుమండ్లు సార్‌కు పది. రాంచందర్ కాకకు ఒకటి" అంది నవనీత, తల పైకెత్తకుండా.

రాంచందర్ ఆ తెల్ల బంటు వైపే చూస్తూ నిలబడ్డాడు. చెవులు వేడెక్కాయి.

మందమర్రిలో పెద్దవాళ్ల కోసం చెస్ క్లబ్బు పెట్టింది ఆయనే. బొగ్గుగనిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాక, కాలనీ అరుగుల మీద పొద్దంతా ఫోన్లు చూస్తూ కూర్చునే తన ఈడువాళ్లను చూస్తే పాణం ఉసూరుమనేది. "పోరగాండ్లకు గల్లీకో కోచింగ్ ఉన్నది. మనకేమున్నది?" అంటూ ఇంటింటికీ తిరిగాడు. మూతబడ్డ జిరాక్స్ దుకాణం గదిని బతిమాలి తీసుకున్నాడు. సున్నం తనే వేశాడు. మొదటి రెండు నెలలు తనూ, గనిలో తనతో పనిచేసిన పేతురూ ఇద్దరే ఎదురెదురుగా కూర్చుని ఆడుకున్నారు. మెల్లగా ఒక్కొక్కరే వచ్చారు. చివరికి భార్య జమునను కూడా చేర్పించి పదకొండో సభ్యురాలిని చేశాడు.

క్లబ్బును రిజిస్టర్ చేయించాలంటే అధ్యక్షుడు ఉండాలన్నారు. తను గాక ఇంకెవరు, అది అడగాల్సిన ప్రశ్నే కాదనుకున్నాడు రాంచందర్. కానీ నాలుగు నెలల కింద చేరిన రిటైర్డ్ హెడ్మాస్టరు హనుమండ్లు లేచి, "నేను గూడ నిలవడుత" అన్నాడు. మనిషి మాటకారి. మంచిర్యాలలో పెద్ద పెద్దవాళ్లు తెలుసు. జిల్లా పోటీలు ఇక్కడే పెట్టిస్తానన్నాడు.

తలా ఒక తెల్ల బంటు, ఒక నల్ల బంటు ఇచ్చారు. తెల్లది రాంచందర్‌కు, నల్లది హనుమండ్లుకు. ఒక్కొక్కరే తలుపు చాటుకు పోయి, ఒకటి సంచిలో, రెండోది పక్కనున్న డబ్బాలో వేసి రావాలి.

వేసే ముందు రాంచందర్ లేచి నిలబడి అన్నాడు: "నా బంటు సార్‌కే. నాకు నేనేసుకునుడు మంచిగుండదు."

అందరూ చప్పట్లు కొట్టారు. పేతురు అందరికన్నా గట్టిగా కొట్టాడు.

ఇప్పుడు ఆ పేతురే గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. రాంచందర్ హనుమండ్లు చెయ్యి పట్టుకుని ఊపాడు. జేబులోంచి గది తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాడు. చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాడు.

చాయ్ హోటల్ దగ్గర పేతురు ఉరికొచ్చి కలిశాడు. ఇద్దరూ ఇరవై రెండేళ్లు ఒకే షిఫ్టు చేశారు. గనిలో ఒకే గిన్నెలో అన్నం తిన్నారు.

"అన్నా, జర ఆగు. గా తెల్ల బంటు నాదే."

చాయ్ గ్లాసు రాంచందర్ పెదవుల దగ్గరే ఆగిపోయింది. పేతురు ముఖంలోకి చూశాడు.

"నువ్వా?"

"ప్రభువు సాక్షిగ జెప్తున్న. నువ్వు అన్న మాట తప్పేటోడివి గాదు, నీది సార్‌కే పోయింది. మరి గా తెల్లది నాది గాకపోతే ఇంకెవ్వలది?"

రాంచందర్ గ్లాసు కింద పెట్టాడు. ఇద్దరి చాయ్‌కీ తనే పైసలిచ్చి ఇంటిదారి పట్టాడు.

తెల్లారి నవనీత వచ్చింది. బట్టలు కుట్టుకుని బతికే మనిషి. గుర్రం ఎటు దూకుతుందో కూడా తెలియని రోజు నుంచి ఆమెకు ఆట నేర్పింది రాంచందరే. మొన్న ఆమె మంచిర్యాల నుంచి కప్పు పట్టుకొస్తే, చూసి కళ్లు తుడుచుకున్నది కూడా ఆయనే.

"కాకా, ఎవ్వలకు చెప్పకుండ్రి. గా ఒక్కటి నేనేసిందే. నిన్న లెక్కజెప్తుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ."

ఒక్క బంటుకు ఇద్దరు. రాంచందర్ ఆమెను కూర్చోమన్నాడు. మంచినీళ్లిచ్చాడు. ఆమె కళ్లల్లో నిజంగానే నీళ్లున్నాయి. ఆమె పోయాక, పావులన్నీ లోపలేసి, తన ఇంటి చెస్ బోర్డును మడిచి బీరువా మీద పారేశాడు.

మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాడు. జమున పప్పు వడ్డించింది. క్లబ్బు పెట్టిన నాటి నుంచీ ఆమెది ఒకటే మాట, "నువ్వు ఇంట్ల కనవడుతనే లేవు" అని. ఇవాళ ఆ మాట లేదు. ఎదురుగా కూర్చుని ఆయన ముద్ద కలపడమే చూస్తోంది.

"తినవేంది? గంత పరేషాన్ గాకు."

"తింటున్న."

"పదిమంది పదిరకాలు. ఆళ్ల ముచ్చట ఇడిసిపెట్టు." ఆమె దగ్గరికి జరిగి ఆయన చేతి మీద చెయ్యి వేసింది. "గా తెల్ల బంటు ఎవ్వలదో నీకెర్కలేదా? నాదేనయ్యా. లోకమంత ఒకదిక్కున్నా నేను నీదిక్కే."

ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆ చెయ్యి ఎన్నడూ అంత బరువనిపించలేదు.

"ఎర్కే జమునా" అన్నాడు. తల వంచుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

అందరి ముందూ అంత పెద్ద మాట అని, తలుపు చాటుకు పోయి, నల్ల బంటును డబ్బాలో పడేసి ఆ తెల్ల బంటును సంచిలో వేసుకున్నది తనేనని ఆమెకైనా చెప్పలేకపోయాడు రాంచందర్.