ఎనిమిది చుట్లు

ఆరేసిన బట్టలు తీయడానికి భార్య మేడ మెట్లెక్కిన చప్పుడు వినగానే, నిక్కచ్చి, ఇంట్లో బరువు చూసుకునే కాటాను ఒళ్ళో బోర్లా పడుకోబెట్టి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. అడుగున ఉన్న స్క్రూను కుడివైపుకి ఒక్క చుట్టు తిప్పాడు. ఇది మూడో శనివారం, మూడో చుట్టు.

చుట్టుకి ఒక కిలో తగ్గుతుంది. పూర్తి చుట్టు తిప్పితే స్క్రూ గాడి మళ్ళీ మొదట ఉన్నచోటికే వచ్చి నిలబడుతుంది కాబట్టి చెయ్యి పడినట్టే తెలియదు. ఎవరూ ఎక్కనప్పుడు ముల్లు బుద్ధిగా సున్నా మీదే ఉంటుంది. మనిషి ఎక్కాకే అబద్ధం మొదలు.

ముప్పై ఏళ్ళుగా కాటాలు అమ్ముతూ, బాగుచేస్తూ, ఒక్క గ్రాము తేడా రానివ్వని మనిషని ఊరు అతనికి నిక్కచ్చి అని పేరు పెట్టింది. అలాంటివాడు సొంత ఇంట్లో దొంగ తూకానికి దిగడానికి కారణం డాక్టరమ్మ.

"తొంభై కిలోలున్నారు. బీపీ చూస్తే నాకే భయమేస్తోంది. రెండు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గారా సరే, లేదంటే జన్మంతా మాత్రలే" అంది ఆవిడ.

ఆ మాట పట్టుకుని భార్య వంటింటి చట్టాలన్నీ తిరగరాసింది. నూనె సీసా వంచడం మానేసి చెంచాతో కొలిచింది. ఉప్పు చిటికెలోకి దిగింది. పళ్ళెంలో సగం ఆకుకూరలు, మిగతా సగంలో బీన్సు, క్యాబేజీ, వాటి మధ్య భయంభయంగా కాస్త అన్నం.

"ఇది భోజనమా, మేతా?"

"మేతే అనుకోండి. నెమరేస్తే ఇంకా మంచిది."

"ఒక్క వేపుడు ముక్కైనా..."

"ఎనిమిది కిలోలు తగ్గండి, వారానికోసారి వేపుడు చేసి పెడతాను. ప్రతి ఆదివారం పొద్దున్నే నా కళ్ళముందు తూగాలి. అదీ బేరం."

బేరానికి ఒప్పుకున్న మరుక్షణమే అతనికి స్క్రూ గుర్తొచ్చింది.

మూడో చుట్టు తిప్పిన మర్నాడు పొద్దున అతను మొహం కడుక్కుని వచ్చేసరికి, ఆవిడ ఎప్పటిలాగే కాటాను తడిగుడ్డతో పైనా కిందా తుడిచి హాల్లో పెట్టింది. తాను కుక్కర్ ముందు స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడింది.

"మళ్ళీ వదులైందా పిడి?"

"ముందు మీరు ఎక్కండి."

ఎనభై ఏడున్నర. మూడు చుట్లకి ఎనభై ఏడు రావాలి. స్ప్రింగు పాతబడిందిలే అనుకున్నాడు.

ఆకలి సంగతి వేరే చూసుకున్నాడు. చుట్టుపక్కల వేపుళ్ళ కొట్లన్నిటిలోనూ అతని కాటాలే ఉన్నాయి. అక్కడ ఒక్క ముక్క కొరికినా అతనికన్నా ముందు కబురు ఇల్లు చేరుతుంది. బస్సెక్కుదామంటే, తన భార్యకి కండక్టర్ తమ్ముడి వరస. అందుకని సాయంత్రం కాగానే ఊరి అవతలి కొసదాకా నడిచేవాడు. పోను నలభై నిమిషాలు, రాను నలభై నిమిషాలు. అక్కడి కొట్లో వేయించిన బంగాళాదుంప ముక్కలు మొదటి వారం రోజుకి రెండు పొట్లాలు లాగించాడు. మూడో వారానికి ఒకటి చాలింది. ఆరో వారం నాలుగు ముక్కలు తిని పొట్లం పక్కన పెట్టేసి కొట్టువాడి మీద విరుచుకుపడ్డాడు.

"నూనె మార్చావా ఏంటి? గొంతు దిగట్లేదు. ఉప్పు కూడా గుమ్మరించావు."

"అదే నూనె, అదే ఉప్పు, అదే చెయ్యి. మీ నాలుకే మారింది బాబాయ్."

"సరుకు నువ్వు చెడగొట్టి, నేరం నా నాలుక మీద వేస్తావా?"

ఆ రోజుల్లో అతనికి దొరికినవన్నీ నాసిరకమే. బెల్టు రెండు రంధ్రాలు సాగింది, ఈ కాలపు తోలు అంతే అనుకున్నాడు. చొక్కాలు ఊగులాడుతుంటే ఉతికేవాణ్ణి తిట్టాడు. కొట్టు మెట్లెక్కితే ఆయాసం రావట్లేదంటే, కొత్త చెప్పులు బాగున్నాయన్నాడు.

ఎనిమిదో ఆదివారం ముల్లు ఎనభై రెండు చూపించింది. భార్య చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"రేపే డాక్టరమ్మ దగ్గరికి."

అప్పుడు గాని అతనికి అక్కడి కాటా గుర్తురాలేదు. క్లినిక్‌లో ఉన్నది తానమ్మిన కాటా. పోయిన నెలే పరీక్షించి ముద్ర అంటించాడు. అది తొంభై అంటుంది. ఆ పూటతో వేపుడూ పోతుంది, ముప్పై ఏళ్ళ పేరూ పోతుంది.

"నువ్వెందుకు, నేనొక్కణ్ణే వెళ్ళొస్తాలే" అని మర్నాడు బయల్దేరాడు.

క్లినిక్‌లో కళ్ళు మూసుకుని ఎక్కాడు.

"ఎనభై రెండు" అంది నర్సు.

దిగి, ముల్లు సున్నాకి రావడం చూసి, మళ్ళీ ఎక్కాడు. ఎనభై రెండే.

"ఈ కాటా తప్పు" అన్నాడు.

"ముద్ర మీరు వేసిందేనండీ."

"నేను తప్పుడు కాటాకి ముద్ర వేస్తానా?"

"అయితే మీరు ఎనభై రెండే కదండీ."

డాక్టరమ్మ బీపీ చూసి నవ్వింది. "మాత్రలు అక్కర్లేదు. తగ్గారని చెబితే పోట్లాడే మనిషిని మిమ్మల్నే చూశాను."

ఇంటి దారిలో లెక్కకి కూర్చోబెట్టాడు బుర్రని. సరే, నిజంగానే ఎనిమిది కిలోలు కరిగాయి. మరి ఎనభై రెండున్నవాడు ఎనిమిది చుట్లు తిప్పిన కాటా ఎక్కితే డెబ్భై నాలుగు కదా చూపించాలి? ఎటు తిప్పి కూడినా ఎనిమిది కిలోలు ఎక్కువొస్తున్నాయి. చివరికి లెక్క వదిలేసి, ఇన్నాళ్ళు వండి పెట్టిన ఇల్లాలికి ఏదైనా తీసుకెళ్దామని పాత్రల కొట్లో కొత్త కుక్కర్ పిడి కొన్నాడు.

"ఇదెందుకండీ? మన పిడి రాయిలా ఉంటేనూ."

అతను కుక్కర్ పట్టుకుని ఊపి చూశాడు. పిడి వెంట్రుకంతైనా కదల్లేదు.

"మరి ప్రతి ఆదివారం స్క్రూడ్రైవర్ పట్టుకుని ఏం చేసేదానివి?"

ఆవిడ బీన్సు తరగడం ఆపకుండానే చెప్పింది.

"మీకన్నా ముందు నేనెక్కి చూసుకుంటే కిలో తక్కువొచ్చేది. మీ శనివారం చుట్టు వెనక్కి తిప్పేదాన్ని."