ముందు టైరు

కళ్యాణదుర్గం దాటి పది కిలోమీటర్లు పోయాక బోరు లారీ ముందు టైరు కోసుకుపోయింది. రోడ్డు పనికి పోసిన కంకరలో ఏదో ఇనుపముక్క తగిలింది. డ్రైవరు ఆంజి దిగి చూశాడు. టైరు పక్కన జానెడు చీలిక. లోపలి దారాలు బయటికి వచ్చాయి. గాలి ఇంకా ఉంది. ఎంతసేపు ఉంటుందో చెప్పలేం. స్టెప్నీ పోయిన నెలే పగిలింది.

అప్పటికి మధ్యాహ్నం రెండు. కంబదూరు అవతల తిప్పేష్ అనే రైతు చీనీ బత్తాయి తోటలో బోరు వేయాలి.

“పొద్దు గుంకితే మా ఇంట్లో గొడవయితాదన్నా. ఆలోపలే రాడ్డు దిగిపోవల్ల.” తిప్పేష్ పొద్దున్నుంచి మూడుసార్లు ఫోన్ చేసి ఇదే మాట చెప్పాడు. పెండ్లాంతో గొడవేమోనని ఆంజి అనుకున్నాడు.

ఆలస్యమైతే పిలుచుకోవడానికి కంబదూరులో ఇంకో బోరు బండి ఖాళీగా నిలబడి ఉంది. ఆంజికి నెల రోజులుగా పని లేదు. ఈ బోరూ చేజారితే బండి అమ్మేస్తానని ఓనరు ముందే చెప్పి పెట్టాడు.

నడిచే మనిషి వేగంతో లారీని తోలుకుంటూ నారాయణప్ప టైర్ల షాపు చేరాడు. రోడ్డు పక్కన ఒంటి రేకుల షెడ్డు. ఆ దారిన తిరిగే డ్రైవర్లందరికీ నారాయణప్ప తెలుసు, పొద్దు గుంకగానే షాపు మూసి ఇంటికి పోతాడనీ తెలుసు. ఆయన సరే అన్న టైరు దోవలో మోసం చేయదు. బాగాలేని టైరును ఎంత బతిమాలినా అమ్మడు.

నారాయణప్ప లోపలికి పోయి ఒక టైరు దొర్లించుకొచ్చాడు. బొటనవేలితో నొక్కాడు. పక్కన అచ్చేసిన నాలుగంకెలు తుడిచి, ఏ యేడు తయారైందో చదివాడు. లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడిమాడు.

“ఇది సరిపోతాది,” అన్నాడు.

జాకీ ఎక్కించాడు. పానా పట్టి రెండు నట్లు వదులు చేశాడు. బోరు ఎవరికని అడిగాడు. బోరు బండి ఆగితే ఎవరైనా అడిగే మాటే. కంబదూరు అవతల ఒక రైతుకని ఆంజి విన్నదంతా చెప్పాడు. చీనీ చెట్లు ఎండిపోతున్నాయంట. ఐదు బోర్లు వేస్తే ఐదింటిలోనూ దుమ్మే లేచిందంట. ఇది ఆరోది. ఈసారి నీళ్లు చూసే ఆయన తోట మూలలో చూపించిన చోట ఆయన అరచేతిలో టెంకాయ నిటారుగా లేచి నిలబడిందంట.

“ఐదుసార్లూ లేచే ఉంటాదిలే,” అన్నాడు నారాయణప్ప.

ఆంజి నవ్వాడు. అంతలో తిప్పేష్ ఫోన్ చేశాడు. చేతులకు గ్రీజు ఉందని స్పీకరు పెట్టాడు.

“యాడుండావన్నా?”

“వస్తాండా. దగ్గరికొచ్చేసినా,” అని డ్రైవర్లందరూ చెప్పే అబద్ధమే చెప్పి పెట్టేశాడు.

నారాయణప్ప పానా కింద పెట్టాడు. టైరును మళ్లీ తడిమాడు.

“ఈ టైరు వద్దులేప్పా.”

“ఇప్పుడే గద సరిపోతాదంటివి?”

“లోపల పొర ఇడిసింది. పైకి కనపడదు.”

పెద్ద ధర టైరు అంటగట్టడానికి చూస్తున్నాడని ఆంజి అనుకున్నాడు. కానీ నారాయణప్ప ఇంకోటి తెచ్చి దానికీ వంక పెట్టాడు. అది వెనక చక్రాల టైరంట, ముందు వేస్తే స్టీరింగు లాగుతుందంట. మూడోది పాత టైరుకు కొత్త రబ్బరు అతికించింది. ముందు చక్రానికి దాన్ని ముట్టుకోనన్నాడు. నాలుగోది తేలేదు. రేపు పొద్దున కళ్యాణదుర్గం నుంచి కొత్తది తెప్పిస్తానన్నాడు. తన దగ్గర సద్ది ఉంది, తిని ఈడనే పండుకోమన్నాడు.

నాలుగు దాటింది. ఆంజి బతిమాలాడు. తన బతుకు ఈ బోరు మీదే ఉందన్నాడు. లోపల పొర విడిచినా సరే, ఆ మొదటి టైరే వేయమన్నాడు. నారాయణప్ప తల అడ్డంగా ఊపి, కుర్చీలో కూర్చుని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆంజికి ఏడుపు ఒకటే తక్కువ. తానే పానా తీసుకున్నాడు. వదులు చేసిన నట్లు బిగించాడు. జాకీ దించాడు.

“ఈ చీలిపోయిన టైరుతోనే పోతా. సస్తే సస్తా,” అని లారీ ఎక్కి స్టార్ట్ చేశాడు.

నారాయణప్ప లేచి వచ్చి లారీ ముందర నిలబడ్డాడు. ఆంజి హారన్ కొట్టాడు. ఆయన కదలలేదు. చాలాసేపు ఆ చీలిన టైరు వైపే చూశాడు. దారాల మధ్య నుంచి రబ్బరు బుడగలా ఉబికి ఉంది. తర్వాత ఏమనుకున్నాడో, ఇంజను ఆపమని చెయ్యి ఊపాడు.

షెడ్డు గోడకు ఆనించిన మొదటి టైరునే దొర్లించుకొచ్చాడు. తన చేతులతోనే రిమ్ముకు ఎక్కించాడు. గాలి పట్టి, కొలిచి, మళ్లీ కొలిచాడు. నట్లు రెండుసార్లు బిగించాడు.  

“పొర ఇడిసిన టైరు నమ్మొచ్చునా పెద్దాయనా?”

“టైరు మంచిదేప్పా.”

“మరి ఇంతసేపు వద్దంటివే?”

నారాయణప్ప పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటూ షెడ్డులోకి పోయాడు. డబ్బు ఇవ్వబోతే కూడా బయటికి రాలేదు. ఆంజి కుర్చీలో పెట్టి వచ్చేశాడు.

లారీ రోడ్డెక్కింది. స్టీరింగు కొంచెం కూడా లాగలేదు. మళ్లీ ఫోన్ మోగింది. ఇక అబద్ధం ఎందుకని ఆంజి జరిగింది చెప్పాడు. ముందు టైరు కోసుకుపోయిందని, రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒక ముసలాయన మంచి టైరుకే వంకలు పెట్టి రెండు గంటలు కదలనివ్వలేదని.

ఆ ముసలాయన నారాయణప్పేనా అని తిప్పేష్ అడిగి తెలుసుకున్నాడు.

“బండి తొందరగా తోలన్నా,” అన్నాడు, “ఆయన మా నాయన.”